తమిళం రాని తమిళ దర్శకుడు

(మా సినిమా మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఆ ఫ్యాను శబ్దం కాస్త ఎక్కువగా ఉంది. ఉక్కగా ఉన్నా ఓ గంట ఓర్చుకుంటానంటే కట్టేయించండి. సరే, వద్దులెండి, నేనే గట్టిగా మాట్లాడతాను.

ఇందాక మెట్లెక్కుతుంటే ఒకాయన ఆపి అడిగారు. "మాస్టారూ, ఇవాళ అమెరికన్ డైరెక్టర్ గురించి అన్నారు కదా, ఏం సినిమా తీశాడండీ ఆయన?" అని. "సతీ లీలావతి" అన్నాను. ఆయన నా వంక అదోలా చూశారు. "ఇంకా?" అన్నారు. "శకుంతల, మీరా, అంబికాపతి" అన్నాను. ఆయన ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉంటారు. నేను వేళాకోళమాడలేదండీ. ఆ సినిమాలన్నీ నిజంగా ఒక అమెరికన్ తీసినవే. పేరు ఎల్లిస్ ఆర్. డంగన్. ఒహాయో రాష్ట్రంలో బార్టన్ అనే చిన్న ఊళ్లో 1909లో పుట్టాడు. బొగ్గు గనుల ప్రాంతం అది. అక్కడి నుంచి మద్రాసు వచ్చి పదిహేనేళ్లు తమిళ సినిమాలు తీశాడు. ఆ పదిహేనేళ్లలో తమిళం నేర్చుకోలేదు.

ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి. తమిళం నేర్చుకోలేదు. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నాకు ఈయన మీద ఆసక్తి ఎందుకు కలిగిందో ముందు చెప్పేస్తాను. డెబ్భైల్లో నేను మద్రాసులో ఎడిటింగ్ అసిస్టెంటుని. తెలుగు పని లేనప్పుడు ఏది దొరికితే అది చేసేవాళ్లం. ఒకసారి ఒరియా సినిమా వచ్చింది. నాకు ఒరియా ఒక్క ముక్క రాదు. మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీద బొమ్మ ఒక రీలు, సౌండు ఒక రీలు, వేర్వేరుగా ఉంటాయి కదా. మా గురువుగారు సౌండు రీలు తీసి పక్కన పెట్టి, "ముందు బొమ్మ చూడు. ఎవడు మాట్లాడుతున్నాడో కాదు, ఎవడు వింటున్నాడో చూడు. వినేవాడి కళ్లు కదిలాయంటే అక్కడ కట్" అన్నారు. నేను నమ్మలేదు. తీరా కట్ చేసి సౌండు పెట్టి చూస్తే, నూటికి ఎనభై చోట్ల సరిగ్గా కుదిరింది. మిగతా ఇరవై చోట్ల ఘోరంగా తప్పింది, అది వేరే సంగతి. ఆ ఇరవై గురించి కూడా చివర్లో చెప్పుకుందాం. ఆ రోజుల్లోనే ఎవరో అన్నారు, "నీలాంటివాడే ఒక దొర ఉండేవాడోయ్, భాష రాకుండానే డైరెక్షన్ చేశాడు" అని. అలా పట్టుకున్నాను ఈయన్ని.

సరే, ఈ మనిషి ఇక్కడికి ఎలా వచ్చాడు? లాస్ ఏంజెలస్‌లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో సినిమా చదువు చెప్పడం 1929లోనే మొదలైంది. సినిమాని కాలేజీలో కూర్చుని చదువుకోవచ్చు అన్న ఆలోచనే అప్పటికి కొత్త. అక్కడ డంగన్‌తో పాటు మన దేశం కుర్రాడు ఒకడు చదివేవాడు, మాణిక్‌లాల్ టాండన్. "మా దేశంలో టాకీలు ఇప్పుడిప్పుడే పుంజుకుంటున్నాయి, వచ్చెయ్" అన్నాడు టాండన్. అమెరికాలో అది డిప్రెషన్, అంటే ఆర్థిక మాంద్యం కాలం. చదువుంది, ఉద్యోగం లేదు. ఇరవై అయిదేళ్ల కుర్రాడికి అంతకన్నా ఏం కావాలి? ఇంకో సహాధ్యాయి మైకేల్ ఒమలేవ్‌ని కూడా వెంటబెట్టుకుని 1935లో ఓడ దిగారు. ఆరు నెలలు ఉండి వెళ్లిపోదామని డంగన్ అనుకున్నాడు. ఆరు నెలలు! మనవాళ్లు అమెరికా వెళ్లేటప్పుడు "రెండేళ్లు చేసి వచ్చేస్తా" అంటారే, అలాగే ఇదీ.

అప్పుడు టాండన్ "నందనార్" తీస్తున్నాడు. అందులో నందనార్ వేషం కె.బి. సుందరాంబాళ్‌ది. ఆడమనిషి మగవేషం, పారితోషికం లక్ష రూపాయలు. 1935లో లక్ష అండీ! ఆ లక్షకి వచ్చినంత ప్రచారం సినిమాకి కూడా వచ్చి ఉండదు. డంగన్ అక్కడ చెయ్యి కాస్త సాయం పట్టాడు. ఈలోగా కోయంబత్తూరు నుంచి మరుదాచలం చెట్టియార్ అనే నిర్మాత టాండన్ దగ్గరికొచ్చి సినిమా తీసిపెట్టమన్నాడు. టాండన్‌కి తీరిక లేదు. "నాకు కుదరదు, మా స్నేహితుడున్నాడు, తీసుకోండి" అన్నాడు. చెట్టియార్ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. తమిళం రానివాడు, ఊరుగాని ఊరు, అంతకుముందు ఒక్క సినిమా కూడా డైరెక్ట్ చేసి ఉండలేదు. ఇవాళ మనం ఎవరినైనా అలా నమ్ముతామా?

నమ్మాడు. అది 1936లో వచ్చిన "సతీ లీలావతి". కథ ఎస్.ఎస్. వాసన్‌ది. అవునండీ, తర్వాత జెమినీ స్టూడియో పెట్టిన వాసనే. హీరో ఎం.కె. రాధా. తాగుడికి బానిసై, హత్య చేశాననుకుని సిలోను పారిపోయి, టీ తోటలో కూలీ అయిన మనిషి కథ. ఈ కథ మా నాటకంలోదే అని ఇంకొకరు గొడవకి దిగితే, తీరా తేలిందేమిటంటే రెండింటికీ మూలం ఒక ఇంగ్లిషు నవలేనట. కాబట్టి డైరెక్టరు ఒక్కడే కాదు, కథ కూడా ఓడెక్కి వచ్చిందే!

ఆ సినిమాలో ఒక చిన్న ఇన్‌స్పెక్టర్ వేషం ఉంది. పాత్ర పేరు రంగయ్య నాయుడు. ఆ వేషం కట్టిన కుర్రాడికి అదే మొదటి సినిమా. పేరు ఎం.జి. రామచంద్రన్. అదీ, ఇప్పుడు నిద్రపోతున్నవాళ్లు కూడా లేచారు. ఎంజీఆర్ మొదటి షాట్‌కి "యాక్షన్" అని చెప్పినవాడు అమెరికన్. టి.ఎస్. బాలయ్యకీ, ఎన్.ఎస్. కృష్ణన్‌కీ కూడా తెరమీద తొలి రోజులు అవే.

ఇక్కడ కాస్త ఆగుదాం. భాష రానివాడు సినిమా తీయడం అప్పట్లో మనకి అనిపించేంత వింత కాదు. 1931లో వచ్చిన "కాళిదాస్" తీసింది ఎవరు? మన హెచ్.ఎం. రెడ్డిగారు. తమిళవాళ్లు దాన్ని మా తొలి టాకీ అంటారు. అందులో హీరోయిన్ తమిళం మాట్లాడుతుంది, హీరో తెలుగులో జవాబు చెప్తాడు, ఇంకొకాయన హిందీ మాట్లాడతాడు. జనం చూశారా? చూశారు! బొమ్మ మాట్లాడటమే అద్భుతం, ఏ భాషలో మాట్లాడితేనేం అనుకున్నారు. అలాంటి కాలం అది. కానీ హెచ్.ఎం. రెడ్డిగారికీ డంగన్‌కీ తేడా ఉంది. రెడ్డిగారికి మన పురాణాలు తెలుసు, మన ముఖాలు తెలుసు, ఆడమనిషి తల దించుకుంటే ఆ దించుకోవడానికి అర్థం తెలుసు. డంగన్‌కి అది కూడా తెలియదు. అన్నీ అడిగి తెలుసుకోవాల్సిందే.

మరి ఎలా తీశాడు? సెట్టు మీద ఆయన పద్ధతి ఇది. స్క్రిప్టు కాగితం మీద ఒక పక్క తమిళ డైలాగు, పక్కనే దాని ఇంగ్లిషు అర్థం. ఏ మాట ఎక్కడ పడుతుందో ముందే గుర్తు పెట్టుకునేవాడు. ఉచ్చారణ చూడటానికి వేరే మనుషులు. నటుడు మాట తప్పాడా లేదా అన్నది వాళ్ల బాధ్యత, ముఖం తప్పాడా లేదా అన్నది ఈయన బాధ్యత. అసలు షాట్ల వారీగా స్క్రిప్టు రాసుకుని సెట్టు మీదికి రావడమే అప్పటికి మనవాళ్లకి అంత అలవాటు లేదు. నాటకం కంపెనీని మొత్తంగా తీసుకొచ్చి, కెమెరా ఎదురుగా పెట్టి, పద్యం అయ్యేదాకా తిప్పడమే. సినిమా అంటే సగానికి సగం అదే. ఈయన కెమెరాని కదిపాడు. దగ్గరికి తీసుకెళ్లాడు. ఈయనకి పద్యం అర్థం కాదు, కాబట్టి పద్యం వింటూ మైమరచిపోయే ప్రమాదం లేదు. నటుడు నిలబడి పాడుతుంటే మిగతావాళ్లంతా పరవశించిపోతారు, ఈయన ఒక్కడే "మరి బొమ్మలో ఏం జరుగుతోంది?" అని అడుగుతాడు. అది వరమా, శాపమా? మీరే ఆలోచించండి.

ఆ రోజుల్లో షూటింగ్ ఎలా ఉండేదో మన కుర్రాళ్లకి తెలియదు. ఎండ వెలుతురులోనే చాలా షూటింగులు. మేఘం వస్తే ప్యాకప్. సౌండు అక్కడికక్కడే రికార్డవ్వాలి, డబ్బింగ్ లేదు. కాకి అరిస్తే షాటు పోయినట్టే. కాకుల్ని తోలడానికి ప్రత్యేకంగా మనిషిని పెట్టుకునేవారు మద్రాసులో! ఈయనకి ఇంకో చిక్కు కూడా ఉంది. పౌరాణికాలు, భక్తి కథలు తీయాలి, గుళ్లో సీన్లుంటాయి. హిందువు కాదు కాబట్టి లోపలికి రానివ్వరు. బయట నిలబడి లోపలి షాట్లు నడిపించేవాడు. ఒకసారైతే కాశ్మీరీ పండితుడి వేషం వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు. తెల్లటి మనిషి కదా, నప్పింది.

1937లో "అంబికాపతి". కంబ రామాయణం రాసిన కంబర్ కొడుకు అంబికాపతి, చోళరాజు కూతురు అమరావతి. రాజు పెట్టిన పరీక్ష ఏమిటంటే, శృంగారం ఛాయ లేకుండా నూరు పద్యాలు చెప్పాలి. అతను చెప్తూ వెళ్తాడు, అమరావతి తెరచాటున లెక్కపెడుతుంది. మొదట చెప్పిన ప్రార్థన పద్యాన్ని కూడా కలిపి లెక్కేస్తుంది ఆ పిల్ల. నూరైపోయాయనుకుని బయటికొస్తుంది. తొంభై తొమ్మిదే అయ్యాయి. ఆమెని చూడగానే అతను నూరో పద్యం ఆమె అందం మీద చెప్పేస్తాడు. తల తీయించారు. ఎంత గొప్ప కథండీ! ఒక్క పద్యం లెక్క తప్పినందుకు ప్రాణం పోయింది.

ఇప్పుడు చూడండి. ఇది కవి కథ. మొత్తం మాట మీద, పద్యం మీద నడిచే కథ. దీన్ని తీస్తున్నవాడికి పద్యం అంటే ఏమిటో చెవికి తెలియదు. ఆయన ఏం చేశాడంటే, తనకి తెలిసిన ప్రేమకథని పక్కన పెట్టుకున్నాడు. రోమియో జూలియట్. రచయిత ఇళంగోవన్‌కి ఆ ఇంగ్లిషు నాటకం చూపించి, ఈ ఘట్టం చూడు, ఇలాంటి సంభాషణ కావాలి అన్నాడు. ఇళంగోవన్ దాన్ని తమిళంలో తన ధోరణిలో రాశాడు. త్యాగరాజ భాగవతార్ హీరో. సినిమా ఏడాది దాకా ఆడింది. తమిళ సినిమాలో సంభాషణ అనేది నాటకం ఫక్కీ వదిలి కొత్త దారి పట్టింది ఈ సినిమాతోనే అంటారు వాళ్లు. తమిళం రాని మనిషి సినిమాతో!

అన్నీ ఆడాయని కాదు. నాదస్వరం టి.ఎన్. రాజరత్నం పిళ్లైగారిని హీరోగా పెట్టి "కాళమేఘం" అని తీశాడు 1940లో. మళ్లీ కవి కథే. ఆడలేదు. నాదస్వరం ముందు కూర్చుంటే చక్రవర్తి, కెమెరా ముందు నిలబడితే వేరే సంగతి.

ఇప్పుడు ఎమ్మెస్ దగ్గరికొద్దాం. మీలో సగం మంది దీనికోసమే వచ్చారని నాకు తెలుసు.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు మొత్తం నటించింది నాలుగు సినిమాలు. "సేవాసదనం", "శకుంతలై", "సావిత్రి", "మీరా". "సావిత్రి"లో ఆమెది నారదుడి వేషం, ఆ సినిమా దర్శకుడు మన నెల్లూరు వై.వి. రావుగారు. మిగతావాటిలో రెండు, "శకుంతలై", "మీరా", డంగన్‌వి. 1940లో వచ్చిన "శకుంతలై"లో దుష్యంతుడు కర్ణాటక సంగీత విద్వాంసుడు జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం. జీఎన్‌బీ దుష్యంతుడు, ఎమ్మెస్ శకుంతల! కచేరీ టిక్కెట్టు కొనుక్కుని సినిమా హాల్లో కూర్చున్నట్టు ఉండేది జనానికి.

"మీరా" 1945 దీపావళికి వచ్చింది. నిర్మాత ఆమె భర్త సదాశివంగారు. రాణా వేషం ఎవరిదో తెలుసా? చిత్తూరు నాగయ్యగారిది. పోతన వేసి, ఇంకా త్యాగయ్య తీయబోతూ ఉన్న నాగయ్యగారు. పోతనగా భక్తిలో మునిగిన మనిషి ఇక్కడ భార్య భక్తిని చూసి ఉడికిపోయే భర్త. ఎంజీఆర్‌కి కూడా చిన్న వేషం ఉంది. ఇంకా చిన్న వేషమే, పాపం, తొమ్మిదేళ్లయినా.

ఈ సినిమాకి డంగన్ చేసిన పని ఒకటుంది, అది చెప్పకుండా నేను దిగను. షూటింగు మొదలవ్వకముందు ఎమ్మెస్ ముఖాన్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోత పోయించాడు. తల, మెడ, భుజాల దాకా బొమ్మ. కెమెరామన్ జితేన్ బెనర్జీ. ఇద్దరూ కలిసి ఆ బొమ్మని స్టూడియోలో పెట్టి, లైటు కుడి నుంచి వేశారు, ఎడమ నుంచి వేశారు, పైనుంచి వేశారు, కింద నుంచి వేశారు. ప్రతిసారీ ఫోటో. ఏ వెలుతురులో చెంప ఎలా ఉంది, ముక్కు నీడ ఎటు పడుతోంది, కళ్లు ఎంత లోతుగా కనిపిస్తున్నాయి, అన్నీ చూసుకున్నారు. ఆ తర్వాతే ఆమె సెట్టు మీదికి. ఎందుకంటారా? గంటల తరబడి లైట్ల కింద మనిషిని కూర్చోబెట్టలేరు కదా. ప్లాస్టర్ బొమ్మకి చెమట పట్టదు, దాహం వెయ్యదు.

నేను ఎన్నోసార్లు ఆలోచించాను దీని గురించి. ఎమ్మెస్‌ని తలుచుకోగానే దేశం మొత్తం ఏం చేస్తుంది? చెవులు రిక్కిస్తుంది. ఎమ్మెస్ అంటే గొంతు. ఈయన ఒక్కడే ఆమెని నోరులేని బొమ్మగా చేసి ఎదురుగా పెట్టుకున్నాడు. ఆ గొంతుని మోసే ముఖం ఏదో వెతుక్కున్నాడు. "మీరా"లో ఆ క్లోజప్పులు చూడండి, పాడుతున్నట్టు ఉండదు, ఎవరినో చూస్తున్నట్టు ఉంటుంది.

ఔట్‌డోర్ కోసం ఉదయపూర్, చిత్తోడ్, బృందావనం, ద్వారక తిరిగారు. ఉదయపూర్ మహారాణా ఏనుగులు, గుర్రాలు ఇప్పించాడు. యుద్ధం రోజులవి, ముడి ఫిల్ముకే కరువు. సినిమా పదకొండు వేల అడుగులు దాటకూడదని 1943లో సర్కారు ఆంక్ష పెట్టింది. అంతకు ముందు మన సినిమాలు పద్దెనిమిది వేలు, ఇరవై వేలు ఉండేవి! అడుగడుగూ లెక్క చూసుకుంటూ తీయాలి. అది మాత్రం డంగన్‌కి ఇబ్బంది కాలేదనుకుంటాను. మనవాళ్లకే కష్టమయ్యుంటుంది.

తర్వాత హిందీలో "మీరా" వచ్చింది, 1947 నవంబర్. మొదట్లో సరోజినీ నాయుడు తెర మీదికొచ్చి ఎమ్మెస్‌ని పరిచయం చేస్తారు. హైదరాబాదు ఆడపడుచు, భారత కోకిల అని పేరున్నావిడ, ఆ పేరుకి ఈమే తగినది అన్నట్టుగా మాట్లాడతారు. ఢిల్లీలో నెహ్రూ చూశారు, మౌంట్‌బాటన్ దంపతులు చూశారు. ఆ తర్వాత ఎమ్మెస్ సినిమాల జోలికి పోలేదు.

ఇహ 1950. సేలంలో మోడరన్ థియేటర్స్. "పొన్ముడి" తీశాడు, అందులో ప్రేమ సన్నివేశాలు మరీ చనువుగా ఉన్నాయని జనం సణిగారు. "దొర కదా, వాళ్ల పద్ధతులు తెచ్చాడు" అని ఉంటారు. తర్వాత "మంత్రి కుమారి". ఎంజీఆర్ హీరో. డంగన్‌కి ఆయన గడ్డం కింద మడత నచ్చలేదట. అయితే ఏమైంది, మోడరన్ థియేటర్స్ అధిపతి టి.ఆర్. సుందరం చిన్న గడ్డం పెట్టించి దాన్ని కప్పేశాడు. మొదటి సినిమాలో ఇన్‌స్పెక్టర్ వేషమిచ్చిన డైరెక్టరే, హీరో అయ్యేటప్పటికి గడ్డం దగ్గర పేచీ పెట్టాడు!

"మంత్రి కుమారి"కి మాటలు రాసింది కరుణానిధి. కుండలకేశి అనే పాత తమిళ కావ్యం కథ అది. భర్త కొండ మీదికి తీసుకెళ్లి చంపబోతాడు. చచ్చేముందు నీ చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణం చేయనీయమంటుంది. వెనక్కి రాగానే తోసేస్తుంది. దానికి ముందు వచ్చే పాట, "వారాయ్, నీ వారాయ్", తిరుచ్చి లోకనాథన్‌తో కలిసి పాడింది మన జిక్కి. ఆ సినిమాకి జనం ఎందుకు వెళ్లారు? కరుణానిధి డైలాగుల కోసం. ఒక్కో డైలాగుకి హాలు దద్దరిల్లిపోయేది. మళ్లీ అదే చూడండి! కవి కథ ఈయన చేతికే వచ్చింది, పాటల తల్లి ఈయన చేతికే వచ్చింది, ఆఖరికి డైలాగుల సినిమా కూడా ఈయన చేతికే వచ్చింది. అది పూర్తికాకముందే డంగన్ అమెరికా వెళ్లిపోయాడు. మిగిలింది సుందరం పూర్తిచేశాడు. టైటిల్స్‌లో ఇద్దరి పేర్లూ ఉంటాయి.

ఆ ఇరవై శాతం గురించి చెప్తానన్నాను కదా. నా ఒరియా సినిమాలో తప్పినవన్నీ ఎక్కడంటే, వెటకారం ఉన్న చోట. ముఖం నవ్వుతోంది, మాట కుళ్లబొడుస్తోంది. బొమ్మ చూస్తే తెలియదు, వింటేనే తెలుస్తుంది. డంగన్ సినిమాల్లో కూడా నాకు అలాంటి చోట్లు కనిపిస్తాయి. కొన్ని సంభాషణల్లో ఇద్దరూ ఒకే తూకంలో మాట్లాడుతూ పోతారు, మాటలో మెలిక ఉన్నచోట కెమెరాకి ఆ మెలిక తెలియదు. దొరగారు గొప్పవాడే, కానీ పదిహేనేళ్లుండి నేర్చుకోకపోవడం ఏమిటని నాకు ఇప్పటికీ కాస్త కోపమే. పాలవాడితో మాట్లాడటానికైనా నేర్చుకోవాలి కదా! మీరు నవ్వుతున్నారు, మన పిల్లల సంగతి గుర్తొచ్చిందేమో.

తిరిగి వెళ్లాక వెస్ట్ వర్జీనియాలో వీలింగ్ అనే ఊళ్లో స్థిరపడ్డాడు. పుట్టిన ఊరికి దగ్గరే, మధ్యలో ఒహాయో నది. అక్కడ డాక్యుమెంటరీలు తీసుకుంటూ బతికాడు. 1952లో మోడరన్ థియేటర్స్‌తో కలిసి "ది జంగిల్" అనే ఇంగ్లిషు సినిమా నిర్మించాడు, ఏనుగులకి బొచ్చు తొడిగి మామత్‌లని, అంటే ఎప్పుడో అంతరించిపోయిన బొచ్చు ఏనుగులని చూపించారు అందులో. అది ఎవరైనా చూడాలనుకుంటే, చూడకండి. తొంభైల్లో ఒకసారి మద్రాసు వస్తే తమిళ సినిమావాళ్లు సన్మానం చేశారు. ఎంజీఆర్ అప్పటికే లేరు. 2001లో వీలింగ్‌లో పోయాడు, తొంభై రెండేళ్లు.

సరే, ఇప్పుడు బొమ్మ. "మీరా"లో నాలుగు నిమిషాల ముక్క తెచ్చాను. చిన్నపిల్ల మీరా కృష్ణుడి ముందు పాడుతూ ఉంటుంది, ఆ పిల్ల సదాశివంగారి కూతురు రాధే. పాట నడుస్తుండగానే పిల్ల ఎమ్మెస్ అయిపోతుంది. ఆ మారడం ఎక్కడ జరుగుతుందో చూడండి. బాబూ, లైట్లు తీసెయ్. మొదటిసారి సౌండు పెట్టకు. అవునండీ, ఎమ్మెస్ పాటే, సౌండు లేకుండానే. గొడవ చేయకండి, రెండోసారి పెడతాను. కిటికీ దగ్గరున్నవాళ్లు ఆ పరదా కూడా వేసెయ్యండి.